ఏడుపు నేర్చుకోవడానికి వరంగల్లు వెళ్ళాను

మాది రాజమండ్రి. నా వృత్తి ఏడవడం. కంగారు పడకండి, పిలిచి భోజనం పెట్టి మరీ ఏడిపిస్తారు. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. పరాయి భాషల్లోంచి తెలుగులోకి వచ్చే సినిమాల్లో బానిస తల్లి ఎవరైనా ఉంటే నాకే ఫోను వస్తుంది. పత్తిచేలో నడుం వంచిన తల్లి, ఓడ అడుగున గొలుసులతో కూర్చున్న తల్లి, రాజుగారి కోటకు రాళ్ళు మోసే తల్లి, అందరూ నా గొంతుతోనే "నా బిడ్డని తీసుకెళ్ళకండి బాబూ" అన్నారు. మా ఆయన టీవీలో ఏ బానిస ఏడ్చినా "ఇదిగో నువ్వే, రా" అని వంటింట్లోకి కేకేస్తాడు. సగం సార్లు అది నేనే అవుతాను కూడా.

ఇన్నేళ్ళుగా చీకటి గదిలో తెర ముందు నిలబడి ఈ కథలు చూస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్పే హక్కు నాకుంది. మునుపటి సినిమాల్లో కొరడా ఎక్కువ, మనిషి తక్కువ. గొలుసుల చప్పుడు కోసం మా స్టూడియో వాళ్ళు షట్టరు గొలుసు ఊపేవాళ్ళు. ఇప్పటివి చాలా నయం. కొరడా లేచినప్పుడు కెమెరా కొట్టేవాడిని వదిలేసి, పక్కన గిన్నెలు తోముతూ ఏమీ చూడనట్టు నటించే మనిషి మొహం మీద నిలబడుతుంది. అలాంటి చోట మాట ఉండదు, ఊపిరి ఒక్కటే ఉంటుంది. దానికి గొంతివ్వడం ప్రాణాంతకం, అయినా అలా తీసినవాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. రెండు సంగతులు మాత్రం ఎవరూ మార్చలేదు. సినిమా బానిసలు నవ్వరు, కూరలో ఉప్పు గురించి కూడా మాట్లాడుకోరు. బిడ్డని లాక్కుపోతే తల్లి నేలమీద పడి గుండెలు బాదుకుని తీరాల్సిందే.

ఈ ఏడాది మొదట్లో ఒక తెలుగు సినిమా వచ్చింది నా దగ్గరికి. తెలంగాణ పల్లెల్లో దొరల కాలం నాటి వెట్టి చాకిరీ మీద తీశారు. అందులో ఆడబాప కథ ఉంది. దొర కూతురు పెళ్ళయి అత్తారింటికి వెళ్తే ఆమెతో పాటు పనికని ఒక ఆడపిల్లని కూడా పంపేవారు. ఆ పిల్లనే ఆడబాప అనేవారు. మంచం, బిందెలతో పాటు ఆ పిల్ల కూడా వెళ్ళిపోయేది, తిరిగి రావడమన్నది లేదు. సినిమాలో ఆ పిల్ల తల్లికి నేను గొంతివ్వాలి. మూడు టేకులు ఏడ్చాను. డైరెక్టరు కుర్రాడు తల గోక్కుని "మీ ఏడుపు గోదావరి దాటి రావట్లేదు మేడం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, అతను అన్నది నిజమే. వరంగల్లు వెళ్ళి నాలుగు రోజులు వినిరండి అన్నాడు. అతని దగ్గర పనిచేసే అమ్మాయికి కాజీపేటలో స్వరూప అనే స్నేహితురాలుంది. ఆ స్వరూప వాళ్ళ అమ్మమ్మకి సొంత అక్క చిన్నప్పుడు ఆడబాపగా వెళ్ళిందట. అలా బయల్దేరాను.

దిగాల్సింది ఇక్కడ కాదు

స్వరూప నన్ను కాజీపేటలో దిగమంది. నా బుర్రలో వరంగల్లు అని ఉండిపోయింది కాబట్టి వరంగల్లు స్టేషను బోర్డు కనపడగానే పెట్టె లాక్కుని దిగిపోయాను. బండి వెళ్ళిపోయిన కాసేపటికి ఫోను మోగింది.

"అక్కా, ఏడున్నవ్? బండొచ్చింది, నువ్వు రాలే."

"వరంగల్లు స్టేషన్లో ఉన్నానమ్మా."

"అయ్యో, కాజీపేట అని చెప్పిన గదా! సరే, ఫికర్ చెయ్యకు. ఆడ్నే ఉండు, నేనే వస్తాన."

మా వైపు మొదటి పరిచయంలో పెద్దవాళ్ళని నువ్వు అంటే అది తగువుకి పిలిచినట్టు. ఇక్కడ స్టేషను బయట టీ అమ్మే ఆయన నుంచి ఆటో ఆయన దాకా అందరూ నన్ను నువ్వు అనే అన్నారు. "అక్కా, ఎండల నిలబడ్డవేంది, ఇటు రా" అని టీ ఆయన తన స్టూలు ఇచ్చాడు. కూర్చున్నందుకు ఏమీ తీసుకోలేదు, టీ మాత్రం తాగించాడు. చిక్కగా, నాలుక అంటుకునేంత తియ్యగా ఉంది. స్టూలు ఇచ్చిన నువ్వు, స్టూలు ఇవ్వని మీరు కన్నా మేలని ఆ పూటే ఒప్పేసుకున్నాను.

స్వరూప స్కూటీ మీద వచ్చింది. రైలింజన్ల మరమ్మతు పని చేస్తుంది, మెడ మీద నూనె మరక ఇంకా అలాగే ఉంది. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని, నన్ను వెనక ఎక్కించుకుని, ట్రాఫిక్కులో ఎవరితోనో పోట్లాడుతూ, నాతో మాట్లాడుతూ తీసుకెళ్ళింది. వాళ్ళ అమ్మానాన్నలు, అమ్మమ్మ ఉండేది కొత్తవాడలో. ముందు అక్కడికే అంది.

కొత్తవాడ

కొత్తవాడలో సందు తిరగ్గానే మగ్గం చప్పుడు మొదలవుతుంది, మళ్ళీ సందు దాటేదాకా ఆగదు. అక్కడ జంపఖానాలు నేస్తారు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చి పరిచే జంపఖానాలు తప్ప నేను కొత్తది ఎప్పుడూ చూడలేదు. స్వరూప వాళ్ళ నాన్న, ఆయన తమ్ముడు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఒకరి చేతిలోంచి దారం ఇంకొకరి చేతిలోకి వెళ్తుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మాటా ఉండదు. పొద్దున్న ఇద్దరికీ గొడవైందట, అయినా నేత తప్పలేదు. నీలం మీద పసుపుపచ్చ గీతలున్న ఒక జంపఖానా నాకు తెగ నచ్చి ధర అడిగాను. మా వైపు అలవాటు ప్రకారం సగానికి బేరం మొదలుపెట్టాను. స్వరూప వాళ్ళ నాన్న నవ్వి, "ముందు తిను అక్కా, కడుపు నిండినంక నీకే సిగ్గయితది" అన్నాడు. తిన్నాక నిజంగానే చెప్పిన ధరకే కొన్నాను. మా ఊరి కొట్టులో అయితే దానికి రెండింతలు పెట్టాలి.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర పెట్టారు. పచ్చిపులుసు మేమూ చేస్తాం గానీ బెల్లం వేసి బుజ్జగిస్తాం. వీళ్ళు వేయించిన నువ్వుల పొడి వేసి, ఎండుమిర్చి కాల్చి చేత్తో నలిపేశారు. మొదటి ముద్దకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, మూడో ముద్దకి ఇంకాస్త వడ్డించమని అడిగాను. సాయంత్రం సర్వపిండి చేశారు. గిన్నెకే పిండి అద్ది కాల్చే ఆ రొట్టె అంచులు కరకరలాడుతుంటే, మా దిబ్బరొట్టె గొప్పదనం గురించి నేను మొదలుపెట్టిన ఉపన్యాసం మధ్యలోనే ఆగిపోయింది.

స్వరూప అమ్మమ్మ పేరు కొమురమ్మ. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. నేను వచ్చిన పని తెలిసి, "ఏడుపు నేర్చుకోనీకి గింత దూరమొచ్చినవా బిడ్డా? మీ ఊర్ల బాధల్లేవా?" అంది. ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను.

డైరెక్టరు నాకు ఆ సీను టాబ్‌లో ఎక్కించి ఇచ్చాడు. ఇంకా గొంతు పెట్టలేదు కాబట్టి మూగబొమ్మ. కొమురమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది. ముందు దొరగారి గడీ, అంటే కోటలాంటి ఇల్లు, కనపడింది. చీకటి, బూజు, పగిలిన పెంకులు.

"గీ బూజేంది?" అంది. "గడీ ఎట్ల మెరిసేది తెల్సా! మేమే కదా అలికేది, మేమే కదా తుడిసేది. మా అవ్వ ఉండంగ గా బూజు ఉంటదా?"

అక్కడ అమ్మని అవ్వ అంటారు. ఇన్ని సినిమాలు చూశాను, దొరల ఇళ్ళు, జమీందార్ల మేడలు, పత్తి యజమానుల బంగళాలు, అన్నీ చీకటిగానే తీస్తారు. లోపల జరిగే పాపం గోడల మీద కూడా కనపడాలని వాళ్ళ ఆశ. ఆ గోడల్ని తళతళలాడించిన చేతులు ఎవరివో ఆ చీకట్లో మరి కనపడవు. ఇది నాకెప్పుడూ తట్టలేదు. ఆవిడ మాత్రం చూసిన వెంటనే అడిగేసింది.

తర్వాత తల్లి వచ్చింది. బండి కదులుతోంది, ఆడబాప పిల్ల వెనక కూర్చుంది, తల్లి గేటు దగ్గర కూలబడి నోరు తెరిచి ఏడుస్తోంది. కొమురమ్మ టాబ్ నాకిచ్చేసింది.

"మా అవ్వ గిట్ల ఏడ్వలే" అంది. "పాట పాడింది."

ఆవిడ చెప్పింది

దొరల ఆడవాళ్ళు గడప దాటి నలుగురి ముందుకి రారు. అందుకని వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేదట. దొర కూతుర్ని సాగనంపేటప్పుడు గేటు దగ్గర అప్పగింతల పాట పాడేది లోపల చాకిరీ చేసే ఆడవాళ్ళు. అందరిలోకి మంచి గొంతు కొమురమ్మ వాళ్ళమ్మది. పాటలో పెళ్ళికూతురికి సుద్దులు చెప్పి, ప్రతి చరణం చివర ఆమె పేరు పెట్టి పిలవాలి. ఆ రోజు పెళ్ళికూతురు సుశీలమ్మ. ముందు ఆమె బండెక్కింది. వెనక సామాన్లతో పాటు కొమురమ్మ అక్క బుచ్చమ్మని ఎక్కించారు. బుచ్చమ్మకి అప్పటికి పదేళ్ళు ఉంటాయేమో.

"పెండ్లిల సొంత బిడ్డ కోసం ఏడిస్తె అపశకునమని తోలు తీస్తరు బిడ్డా. కానీ అప్పగింతల పాట పాడెటామె ఏడ్వాలె, గది రివాజు. మా అవ్వ దొర బిడ్డ కోసమే ఏడుస్తాందని అందరు అనుకున్నరు. మస్తు మంచిగ పాడినవని లోపల్నుంచి రైక ముక్క పంపిన్లు. నేను అవ్వ సంకల ఉన్న. నా నెత్తంత తడిసింది. నాకు గది ఒక్కటే యాదున్నది."

ఎవరి బిడ్డ కోసమో అన్నట్టుగా తన బిడ్డ కోసం ఏడ్చిన ఆ తల్లిని ఇన్నేళ్ళలో ఏ సినిమా నాకు చూపించలేదు. నాకు చాలా దుఃఖం కలిగింది, ఆ మనిషి తెలివికి అంతకంటే ఎక్కువ గౌరవం కలిగింది.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్నేళ్ళకి దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ళు వచ్చారు, దొరలు పట్నం పారిపోయారు, బుచ్చమ్మ ఆ పరాయి ఊరినుంచి నడిచి ఇంటికొచ్చింది. తండ్రితో మాట్లాడింది, చెల్లెలితో ఆడుకుంది, తల్లితో మాత్రం మాట్లాడలేదు. నన్ను బండెక్కిస్తుంటే పాట పాడింది అన్న మాట ఆమె మనసులో రాయిలా ఉండిపోయింది. బండి లోపల సామాన్ల మధ్య కూర్చున్న ఆమెకి పాట వినపడింది గానీ తల్లి మొహం కనపడలేదు. అప్పటినుంచి తల్లిని అవ్వ అని పిలవలేదు. ముసల్ది అనేది. తల్లి చనిపోయిన రోజు కూడా "ముసల్ది పోయింది" అందట. ఆ తల్లి చివరి రోజుల్లో ఉన్నది, పోయింది కొమురమ్మ ఇంట్లోనే. ఒక్కసారి కొమురమ్మ ధైర్యం చేసి, అవ్వ ఏడ్చింది, నా తల తడిసింది అని చెప్పింది. "సంకల ఉన్న పోరివి, నీకేం యాది?" అని బుచ్చమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగానే మాట్లాడుతుంది గానీ చెల్లెలి గడప మాత్రం తొక్కలేదు.

"తొంబై ఏండ్లకొచ్చింది. గట్లనే పోతదేమో అని నా రంది" అంది కొమురమ్మ. "నేను చెప్తె ఇనది. సినిమల వస్తె ఇంటదేమో. నువ్వు పాడు బిడ్డా. నేను నేర్పిస్త."

ఆ తల్లి తర్వాత ఎప్పుడూ ఆ పాట పాడలేదట. కొమురమ్మ దాన్ని ఊళ్ళో వేరే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దున్నా నాకు పాఠం. నేను అలవాటుగా ఏడుపుని గొంతులో పెడుతుంటే మొట్టికాయ వేసినంత పనిచేసింది. కంట నీరు రివాజే గానీ, గొంతు వణికితే లోపల వాళ్ళకి అనుమానం వస్తుందట. గొంతు గట్టిగా ఉండాలి, ఏడుపు ఊపిరిలో ఉండాలి. స్టూడియోలో నాకు ఇంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

నెక్కొండ

ఆ తర్వాతి రోజు కొమురమ్మ, స్వరూప, నేను ముగ్గురం బుచ్చమ్మ ఉండే ఊరికని ప్యాసింజరు బండిలో నెక్కొండ వెళ్ళాం. కొమురమ్మ మోకాళ్ళని తిట్టుకుంటూ వచ్చింది. బండి కిక్కిరిసి ఉంది. మా వైపు సీటు కోసం ముందు చుట్టరికం కలుపుతారు, తర్వాత అడుగుతారు. ఇక్కడ ఒకావిడ "జర జరుగు" అని నా పక్కన కూర్చున్నాక చుట్టరికం కలిపింది. బుట్టలోంచి జామకాయ తీసి ఇచ్చింది, మా అమ్మాయికి పెళ్ళయిందా అని అడిగింది, అల్లుడు ఏం చేస్తాడో తెలుసుకుంది, తను దిగే స్టేషను రాగానే వెనక్కి చూడకుండా దిగిపోయింది. నాకు భలే వెలితిగా అనిపించింది.

నెక్కొండ నుంచి ఆటోలో పల్లెకి వెళ్ళాలి. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండబెట్టారు, నేల కనపడనంత ఎరుపు. అందం చూద్దామని ఆటో ఆపించి దిగాను. తుమ్ములు మొదలయ్యాయి. ఎన్ని తుమ్మానో నాకే తెలీదు. పనిచేసే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు. ఒకావిడ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి "ఏ ఊరు బిడ్డా? అక్కడ కారం తినరా?" అంది.

బుచ్చమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. చేతిలో కర్ర ఉంది గానీ ఆనుకోవడానికి కాదు, కోళ్ళని అదిలించడానికి. చెల్లెల్ని చూసి "మోకాళ్ళ నొప్పులన్నవ్, గింత దూరం ఎట్లొచ్చినవే?" అంది. నా గురించి స్వరూప చెప్పింది, సినిమాల్లో ఏడుస్తుందని.

"నిజంగనా? ఏది, ఏడువు" అంది బుచ్చమ్మ.

ఏడ్చాను. ఓడ అడుగున కూర్చున్న తల్లిది ఒకటి, పత్తిచేలో తల్లిది ఒకటి. పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. బుచ్చమ్మ నవ్వి నవ్వి కర్ర వదిలేసింది. "పైసలిస్తరా దీనికి?" అంది. ఇస్తారన్నాను. "మేం ఊకెనే ఏడ్సినం పో" అని మళ్ళీ నవ్వింది. సినిమా బానిసలు నవ్వరని ముందు రాశాను కదా, ఆ సినిమాలు తీసినవాళ్ళలో ఎవరైనా ఒకసారి ఈవిడని చూసుంటే బాగుండేది.

టాబ్ తీసి సీను చూపించాను. చిన్నప్పుడు తాను వెళ్ళినట్టే ఒక పిల్ల బండెక్కడం చూసి ఆవిడ నవ్వు ఆగిపోయింది. తల్లి నేలమీద పడి నోరు తెరవగానే దగ్గరగా వంగింది.

"ఏడుస్తాందా?"

"ఏడుస్తోంది."

"మంచిగ ఏడుస్తాంది" అంది. "తల్లి అంటె గట్లుండాలె. బిడ్డ పోతాంటె గట్ల ఏడ్వాలె."

కొమురమ్మ మొహం తిప్పేసుకుంది. మేము అబద్ధమనుకుని మారుద్దామని వచ్చిన ఏడుపే ఈవిడ ఇన్నేళ్ళుగా వినాలనుకున్న ఏడుపు. దాన్ని ఆవిడ దగ్గరనుంచి తీసేసే హక్కు నాకుందా అని గుంజాటన పడ్డాను. స్వరూప నా చెయ్యి నొక్కింది. ఇంత దూరం వచ్చాక వెనక్కి పోతే కొమురమ్మకి మొహం ఎలా చూపించను?

"దీనికి ఇంకా గొంతు పెట్టలేదు పెద్దమ్మా. ఒకసారి నేను పెట్టి వినిపిస్తాను" అన్నాను.

సీను మళ్ళీ మొదలుపెట్టి, తెర మీద నోరు తెరిచిన తల్లి మీద అప్పగింతల పాట పాడాను. గొంతు గట్టిగా, ఏడుపు ఊపిరిలో. మొదటి చరణం చివర సుశీలమ్మ పేరు రాగానే బుచ్చమ్మ మొహం బిగుసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. చివరి చరణం చివర కూడా సుశీలమ్మ అని పాడాను. కర్రతో నేల మీద గట్టిగా కొట్టింది.

"తప్పు. ఆడ పేరు రాదు."

"వస్తదక్కా" అంది కొమురమ్మ. "అన్నిట్ల వస్తది. నేనే నేర్పిన."

"నీకేం తెల్సు? నువ్వు సంకల ఉన్నవ్, నేను బండిల ఉన్న. ముందుగాల అన్నిట్ల సుశీలమ్మ పేరు అన్నది. ఆఖర్ల అనలే. గా జాగకు రాంగనే ఊకున్నది. మల్ల మొదటికెల్లి అందుకున్నది. ముసల్ది పాట మర్సిపోయిందనుకున్న. సక్కగ పాడుడు గూడ రాదని నాకు సిగ్గయింది."

ఆ ఖాళీ ఎవరి పేరు కోసమో చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కోళ్ళు వచ్చి గింజలు తినేస్తున్నా బుచ్చమ్మ కర్ర ఎత్తలేదు. తనలో తనే అన్నట్టు అంది.

"ఊర్ల ఎవలింట్ల పెండ్లయినా అదే పాడేది. మర్సిపోతదా?"

చెల్లెలి వైపు తిరిగింది.

"నీ నెత్తి తడిసిందన్నవ్?"

"తడిసిందక్కా."

"ఎంత?"

కొమురమ్మ రెండు చేతులూ పాపిట మీద పెట్టుకుని, మెల్లిగా బుగ్గల మీదుగా గడ్డం దాకా దించి చూపించింది. నేనూ స్వరూపా లేచి పెరట్లోకి వెళ్ళిపోయాం. మేం తిరిగొచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. బుచ్చమ్మ నన్ను చూసి, "తిని పోవాలె, కోడిని కోయిస్తాన" అంది. కోడికూరలో కారం గురించి రాయడానికి నాకు మాటలు చాలవు. రెండు రోజులు తలుచుకున్నాను.

వచ్చాక

నేరుగా హైదరాబాదు వెళ్ళి డైరెక్టరుకి సంగతంతా చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. బిడ్డ వెళ్ళిపోతుంటే తల్లి పాడితే జనం ఏమనుకుంటారండీ, రాతి గుండె అనుకోరా అన్నాడు. కన్నబిడ్డే ఇన్నేళ్ళు అలా అనుకుంది బాబూ, జనం కాసేపు అనుకుంటే ఏమవుతుంది అన్నాను. ముందు పాడండి, వింటాను అన్నాడు.

ఏడుపు కోసం తెరిచిన నోరు పాటకి ఎంత బాగా కుదిరిందో! చివరి చరణం చివర పేరు దగ్గరికి రాగానే ఆగి, ఊపిరి మాత్రం వదిలి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. అద్దం అవతల రికార్డింగు చేసే ఆయన మైకులో "పేరు మిస్సయిందమ్మా, ఇంకో టేకు చేద్దాం" అన్నాడు. డైరెక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి వద్దన్నాడు. ఆ సీనులో వయొలిన్లు కూడా తీసేస్తానన్నాడు. గడీకి బూజు మాత్రం అలాగే ఉంది, అది మళ్ళీ తీయడం కుదరదట. అంత వరకూ మంచివాడే.

రాజమండ్రి వచ్చిన వారానికి స్వరూప ఫోను చేసింది. వెనక మగ్గం చప్పుడు వినపడుతోంది.

"అక్కా, పెద్దమ్మమ్మ మా ఇంటికొచ్చింది. బస్సుల ఒక్కతే వచ్చింది! పొద్దుగాల్నుంచి ఇద్దరు కొట్లాడుకుంటాన్లు."

మళ్ళీ ఏమైందని అడిగాను.

"అగో, పాట గురించే. గొంతు సన్నగుండె అంటది మా అమ్మమ్మ. కాదు, బొంగురుగ ఉండె అంటది పెద్దమ్మమ్మ. సినిమల నువ్వు ఏ గొంతుతోటి పాడినవో అడుగుమంటాన్లు."

నేను జవాబు చెప్పేలోపే వెనకనుంచి, మగ్గం చప్పుడుని మించి, బుచ్చమ్మ కేక వినపడింది.

"మా అవ్వ గొంతు నాకు తెల్వదానే?"